పాలల్ల ఏం కలిపినవ్‌రా?

అనుమానించడం నా ఉద్యోగం. కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించి కడ్డీలు పోసే ఒక ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో, జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి అసలు జుట్టే లేనప్పుడు బయటికొచ్చాను. కొలిమిలోంచి వచ్చిన ప్రతి కడ్డీ తాను మంచిదాన్నేనని మెరుస్తూ చెబుతుంది. దాని మాట నమ్మకపోవడానికి నాకు జీతమిచ్చేవాళ్లు. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ అలవాటు ఆగలేదు. గ్యాస్ సిలిండర్ సీలు, కూరగాయల బండి తూకం, పెళ్లిపత్రికలో ముహూర్తం, అన్నీ రెండోసారి చూడాల్సిందే. "మన పెళ్లి ఫోటోల నువ్వే ఉన్నవా, ఇంకెవడన్న ఉన్నడా అని గూడ ఏదో ఒకనాడు చెక్ జేస్తవ్" అంటుంది మా ఆవిడ. చేశాను. నేనే ఉన్నాను, కాకపోతే నమూనాకు బాగా తేడా వచ్చింది.

అట్లాంటి నన్ను ఒక మనిషి అనుమానించింది. ఆ మనిషి మా అక్క. ఆమె అనుమానం నిజం.

అక్క నాకంటే పదమూడేళ్లు పెద్దది. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. బావ పోయాక అక్క తిరిగి గౌలిపురలోని మా ఇంటికే వచ్చింది. వచ్చి నాయినతో పాటు బర్రెలను, నన్ను సాకింది. ఎవరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టిందని అడిగితే నేను బర్రెల పక్షానే సాక్ష్యం చెబుతాను. అవి పాలిచ్చేవి మరి. నాయిన పోయాక కూడా మోకాళ్లు మొరాయించేదాకా తానే పాలు పిండి, తానే క్యాను మోసుకుని ఇంటింటికీ పోసింది. ఇప్పుడు కొట్టం ఉన్నచోట నా స్కూటరు, రెండు పూలకుండీలు, అక్క కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి.

మా ఇంటికి ఉన్న ఆస్తి ఒక్కటే మాట: వీళ్ల పాలల్ల ఏం కలవదు. ఎవరైనా గిరాకీ "ఏందయ్యా, ఇయ్యాల పల్చగున్నయ్" అన్నారో, నాయిన వాదించేవాడు కాదు. మరునాడు పొద్దున బర్రెను, దాని దుడ్డెను తోలుకుని ఆ ఇంటి గుమ్మం ముందుకే పోయేవాడు. చెంబు తీసి ఇంటావిడ కళ్లముందు బోర్లించేవాడు. చుక్క రాలలేదని ఆమె చూశాకే పాలు పిండేవాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ నోరెత్తేవాళ్లు కాదు. 'బోర్లించి చూపించుడు' అని మా ఇంట్లో దానికి పేరు. నేను ఫ్యాక్టరీలో నేర్చుకున్నది ఏముందో గానీ తనిఖీ అంటే ఏమిటో ఆ చెంబు దగ్గరే నేర్చుకున్నాను.

అక్క మరుపు మొదట మాకు నవ్వులాటగానే ఉండేది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. బర్రెలు పోయి ఏళ్లయినా "కుడితి పెట్టినవారా?" అని అడిగింది. నేనూ "పెట్టిన అక్కా" అని నా స్కూటరు వంక చూపించేవాణ్ని. ఒక పొద్దున ఆమె ఖాళీ క్యాను పట్టుకుని ఛత్రినాక దాకా పోయింది. ఒకప్పుడు తాను పాలు పోసిన ఇల్లు ఉండే చోట ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. వాచ్‌మన్ "ఏ ఫ్లాటమ్మా?" అంటే "ఫ్లాటేందిరా, చింతచెట్టు ఇల్లు, గిన్నె తెమ్మను" అందట. అతనే ఆటోలో తీసుకొచ్చి దింపాడు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

మా దగ్గర జ్ఞాపకాన్ని యాది అంటాం. ముందు ఒక 'వ' తగిలించి కాస్త వత్తి పలికితే వ్యాధి. రెంటికీ మధ్య ఇంత తక్కువ ఎడం ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కకు మూడు మాటలు చెప్పింది: గుర్రం, తాళంచెవి, మామిడిపండు. ఐదు నిమిషాలు వేరే సంగతులు మాట్లాడి, "ఇప్పుడు ఆ మూడు చెప్పండమ్మా" అంది.

"మామిడిపండు" అంది అక్క. కాసేపు ఆలోచించింది. "ఇంకోటి టాంగాకు గట్టేది. గుర్రం."

"మూడోది?"

అక్క నా వైపు చూసింది. చిన్నప్పుడు ఇంట్లో నాకు ఎక్కం రాకపోతే నేను ఆమె వైపు చూసినట్టే. డాక్టరమ్మ కూడా నవ్వుతూ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్."

నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆ ఐదు నిమిషాలూ నేను గోడ మీద ఆమె సర్టిఫికెట్ అసలుదా కాదా అని ముద్ర వంక చూస్తూ ఉన్నాను. ఇంటికొచ్చి గుమ్మం ముందు జేబు తడుముకున్నాక గానీ మూడో మాట గుర్తు రాలేదు. తాళంచెవిని డాక్టరమ్మ బల్ల మీదే వదిలేసి వచ్చాను.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, ఉన్న బీపీ మాత్రకు తోడు ఇంకో చిన్న మాత్ర రాసింది. ఇది ఒక్కసారిగా తగ్గేది కాదని, ఓపిక పట్టాలని, ఇంకేదైనా పెట్టే ముందు తనను అడగాలని చెప్పింది. ఓపిక పట్టమంటే మనుషులు చేసే మొదటి పని ఏమిటి? ఇంకేదైనా వెతకడం.

రిటైరైన మా ఫ్యాక్టరీవాళ్లది ఫోనులో ఒక గ్రూపుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క కాగితం మీద సంతకం పెట్టడానికి మూడు రోజులు ఆలోచించినవాళ్లు అందులో ప్రతి వైద్యాన్నీ మూడు సెకన్లలో ముందుకు తోస్తారు. ఒక వీడియోలో తెల్లకోటు మనిషి ఒకాయన, బ్రాహ్మి అని కూడా అనే సరస్వతి ఆకు సారం మెదడు కణాల చుట్టూ కంచె కడుతుందని చెప్పాడు. ఆ కంచె బొమ్మ కూడా చూపించాడు, ముళ్లతీగతో సహా. ఆయన మెడలో స్టెతస్కోపు ఉంది గానీ దాని చెవి గొట్టాల్లో ఒకటి లేదు. నేను అది చూశాను. మా ఆవిడ కంచె చూసింది.

"ఆకే గదా, ఏం జేస్తది?" అంది.

"గన్నేరు గూడ ఆకే" అన్నాను.

"నువ్వు అనుమానపడుకుంట కూసో. ఆడ వదినె ఉన్నది ఉన్నట్టు కరిగిపోతున్నది."

అఫ్జల్‌గంజ్ పోయాను. ఆ మూలికల దుకాణాల వరసలో అడుగు పెడితే మొదట ముక్కుకు పరీక్ష. వేర్లు, బెరడులు, ఎండిన పూలు, గోనెసంచుల నిండా పేరు తెలియని గోధుమరంగు. మొదటి దుకాణంలో బ్రాహ్మి అడిగితే గుండ్రంగా, కప్ప అడుగులా ఉన్న ఎండుటాకు చూపించాడు. ఇదే సరస్వతి ఆకు, ఇదే బ్రాహ్మి, పక్కవాడు అమ్మేది నకిలీ అన్నాడు. పక్కవాడు దళసరిగా, చిన్నచిన్నగా ఉన్న ఇంకో ఆకు చూపించి ఇదే బ్రాహ్మి, వాడిదే నకిలీ అన్నాడు. ఇద్దరూ దేవుడి మీద ప్రమాణం చేశారు, ఎవరి దేవుడి మీద వాళ్లు. తరువాత తెలిసింది, ఇద్దరూ అబద్ధం చెప్పలేదట. రెండు వేరు వేరు మొక్కలకు తలా ఒకచోట అదే పేరు నడుస్తుందట. మరుపుకు వాడే మొక్క తన పేరే తాను మర్చిపోయిందన్న మాట. బ్రాహ్మి నాకు అక్కడే భ్రమలా కనిపించడం మొదలైంది.

మూడో దుకాణంలో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఇదంతా వింటూ ఉన్నాడు. పిలిచి, ఆకుల గొడవ లేకుండా, సీలు వేసిన డబ్బా ఒకటి నా ముందు పెట్టాడు. 'స్మరణ శక్తి, శుద్ధ సారం' అని తెలుగులో ఉంది. పక్కనే మెదడు బొమ్మ, చూడటానికి అక్రోటులా ఉంది. ఏ ఆకో లేదు, ఎంత ఆకో లేదు, ఏ నాడు తీశారో లేదు.

మా ఫ్యాక్టరీలో ప్రతి కడ్డీ మీద హీట్ నంబర్ కొడతారు. ఏ కొలిమిలో, ఏ పోతలో పుట్టిందో చెప్పే అంకె. అది లేని ఇనుము ఎంత మెరిసినా తుక్కే. నోటికి అదే వచ్చింది.

"చచా, ఇస్ కా హీట్ నంబర్ క్యా హై?"

పెద్దాయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "హీట్ నక్కో బోలో మియా. ఇస్ కీ తాసీర్ ఠండీ హై. దిమాగ్ కూ ఠండక్ దేతీ."

వేడి మాట ఎత్తకు, దీని గుణం చల్లన, మెదడును చల్లబరుస్తుంది అంటున్నాడు. నేను అడిగింది అది కాదని, ఎక్కడ తయారైందో ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"ఊపర్ వాలే కూ మాలూమ్" అని ఆకాశం వంక చెయ్యి చూపించాడు. తరువాత నా ముఖంలోకి చూసి, "ఆప్ కా దిమాగ్ బహుత్ గరమ్ దిఖ్రా. ఆప్ బీ ఖావో" అన్నాడు. నీ బుర్ర బాగా వేడెక్కినట్టుంది, నువ్వు కూడా తిను అని.

తెచ్చాను. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకోకుండానే డబ్బా అందుకుని, "మరణ శక్తి" అని గట్టిగా చదివింది. ఒక్క 'స' జారితే మిగిలేది అదే.

నేను మాత్రం తనిఖీ వదల్లేదు. గాజుగ్లాసులో నీళ్లు పోసి ఒక చెంచా పొడి వేశాను. కొంత తేలింది, కొంత మునిగింది, కొంత ఏం చెయ్యాలో తేల్చుకోలేక మధ్యలో ఉండిపోయింది. తరువాత నా పాత అయస్కాంతాన్ని కాగితం కింద పెట్టి పొడి మీద నడిపించాను. నల్లటి నలుసులు నాలుగు లేచి నిలబడ్డాయి.

"చూసినవా? ఇనుము!"

"మంచిదేనాయె. వదినెకు రక్తం తక్కువున్నదని డాక్టరమ్మ అననే అన్నది" అంది మా ఆవిడ.

ఇక మిగిలిన పరీక్ష ఒక్కటే. వారం రోజులు నేనే తిన్నాను. చేదు. కడుపు రెండుసార్లు ఎదురు తిరిగింది. జ్ఞాపకం సంగతంటారా, ఎనిమిదో రోజు పొద్దున డబ్బా ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. ఇల్లంతా వెతికితే ఫ్రిజ్‌లో, నా కళ్లజోడు పక్కన దొరికింది. నా ఫ్యాక్టరీ లెక్క ప్రకారం ఆ నమూనా అక్కడే ఫెయిల్.

మరి ఎందుకు అక్కకు పెట్టాను? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాననుకుంటాను. ఆ రోజే, డబ్బా దొరికిన కాసేపటికే, అక్కకు టీ గ్లాసు అందించాను. అందుకుని, మర్యాదగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టు, "ఎవరి పిల్లగానివి బిడ్డా?" అంది. ఒక్క క్షణమే. వెంటనే "టీల చక్కెర లేదేందిరా తమ్మీ" అని మామూలైపోయింది. ఆమె మామూలైంది. నేను కాలేదు. భయపడ్డ తనిఖీదారు ఏ కడ్డీకైనా ముద్ర కొట్టేస్తాడు. నేను కొట్టాను. డాక్టరమ్మను అడగలేదు కూడా, అడిగితే వద్దంటుందని.

చెంచాతో పెడితే అక్క ఉమ్మేసింది. నీళ్లలో కలిపితే గ్లాసు తోసేసింది. అప్పుడు మా ఆవిడా నేనూ కలిసి మా తెలివినంతా ఉపయోగించి, నలభై ఏళ్లు పాలమ్మిన మనిషికి పాలలో కలిపి ఇచ్చాం.

ఆమె కుర్చీలో కూర్చుంది. నేను గ్లాసు ఇచ్చాను. తాగలేదు. చిటికెన వేలు ముంచింది. బొటనవేలి గోరు మీద ఒక చుక్క నిలబెట్టి, గోరును కొద్దిగా వంచి, చుక్క జారిన తీరు చూసింది. ఏదైనా కలిసిన పాలు గోరు మీద నిలవవు. నా పేరు మర్చిపోయే మనిషి అది మర్చిపోలేదు.

"పాలల్ల ఏం కలిపినవ్‌రా?"

"ఏం లేదక్కా."

"నా మొకం జూసి చెప్పు."

నేను నేల చూశాను. "ప్యాకెట్ పాలక్కా. గట్లనే ఉంటయ్."

అక్క లేచి, గోడ పట్టుకుని నడిచి, పాలు మోరీలో పారబోసింది. మా ఇంట్లో పాలు మోరీలో పడటం నేను అదే మొదటిసారి చూడటం. ఆ రోజైనా నిజం చెప్పాల్సింది. చెప్పకపోగా మరునాడు మందు తగ్గించి చక్కెర పెంచాను. పట్టేసింది. ఆ పై రోజు మా ఆవిడ టీలో కలిపింది. అక్క వాసన చూసి పక్కన పెట్టింది. సాయంత్రం వంటింట్లో మా ఆవిడ నాతో గుసగుసగా, "ఇయ్యాల గూడ మందు పెట్టిన గని ముట్టలే" అంటుండగా తలుపు దగ్గర అలికిడైంది. అక్క నిలబడి ఉంది.

మందు అనే మాటకు మన తెలుగులో మూడు తలుపులున్నాయి. ఒకటి ఆసుపత్రిలోకి, ఒకటి వైన్‌షాపులోకి తెరుచుకుంటాయి. మూడోది ఎవరూ గట్టిగా తెరవరు. ఒక మనిషి మతి తిప్పడానికి తెలియకుండా తిండిలో ఏదో కలిపితే దాన్ని 'మందు పెట్టుడు' అంటారు. మా ఆవిడ మొదటి తలుపులోంచి మాట్లాడింది. అక్క మూడో తలుపు దగ్గర నిలబడి విన్నది.

"నాకు మందు పెడ్తున్నర్రా మీరు?"

"మందంటే ఆ మందు గాదు వదినె..." అని మా ఆవిడ ఏదో చెప్పబోయింది.

"పాలల్ల పెట్టిండ్రు. టీల పెట్టిండ్రు. నా మతి గిట్ల ఎట్ల పోయిందో ఇప్పుడు సమజైంది."

నిజానికి ఆమె చెప్పినదాంట్లో తప్పెక్కడుంది? ఆమె మతిని మార్చాలని, ఆమెకు చెప్పకుండా, తిండిలో కలిపి పెట్టాం. మూడో తలుపు మీద రాసి ఉన్నది అదే.

మరునాటి నుంచి అక్క మా వంటింటి తిండి ముట్టడం మానేసింది. తొక్క ఉన్నవే తినేది. అరటిపండు, తానే వలుచుకున్న పల్లీలు, పెంకుతో సహా ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డును కూడా వెలుతురులో తిప్పి చూసి, పగులు లేదని నమ్మకం కుదిరాకే వలిచేది. తనిఖీదారుగా నాకు ఆ పద్ధతి నచ్చింది. తమ్ముడిగా గుండెలో రాయి పడింది. అన్నం లేదు, పప్పు లేదు, పాలు అసలే లేవు. బీపీ మాత్రను కూడా రేకు తానే చించితేనే వేసుకునేది. పది పదిహేను రోజులకు గాజులు మణికట్టు దగ్గర ఆగకుండా పిడికిలి దాకా జారడం మొదలైంది. చెయ్యి ఊపినప్పుడల్లా ఆ చప్పుడు నాకు అటు గదిలోకి కూడా వినిపించేది.

పక్కింటి ఖాలా ఒక మధ్యాహ్నం నన్ను గుమ్మంలోనే ఆపింది. తన పెళ్లైన కొత్తలోంచీ మా అక్క దగ్గర పాలు పోయించుకున్న ముసలామె. "క్యా బేటా, అక్కకు ఏం తాగిపిస్తున్నరు మీరు? నిన్న మా ఇంట్ల రెండు రొట్టెలు తిన్నది, ఏడ్సుకుంట తిన్నది. నా తమ్మి మందు పెట్టిండు అంటున్నది."

"మందే ఖాలా, యాది కోసం..."

"తో ఉన్‌కూ బోలే క్యా నై? చెప్పి పెట్టాలె గదా. చోరీ సే కైకూ?"

దొంగతనంగా ఎందుకు అని. లోపలికి పోయి ఆ డబ్బాను సంచిలో వేసుకున్నాను.

అక్కను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, డబ్బా కూడా బల్ల మీద పెట్టాను. ఈసారి తాళంచెవి జేబులో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ ముందు అక్క బరువు చూసి, తరువాత డబ్బా చూసి, ఆఖరున నన్ను చూసింది. ఆ మూడు చూపుల్లో మూడోదే కష్టంగా ఉంది.

"ఆకు మంచిదా చెడ్డదా అని నేను అనట్లేదు సార్" అంది. "దాని మీద పని చేస్తున్నవాళ్లు చేస్తున్నరు. గాజు గిన్నెలో కణాల మీద చూసింది వేరు, మనిషి తాగింది వేరు. అసలు దీంట్ల ఏ ఆకుందో, ఎంతుందో, ఇంకేం కలిసిందో మీకు తెలుసా? అమ్మ వేసుకునే మాత్రలతోని కలిస్తే ఏమైతదో తెలుసా?"

"తెల్వదు మేడమ్."

"మీరేం పని చేసేటోళ్లు?"

"తనిఖీ" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

డబ్బా ఆమె బల్ల కిందున్న చెత్తబుట్టలోకి పోయింది. పొడి ఆపడం సులభమే. ఆపామని అక్కను నమ్మించడం ఎట్లా? "ఏం కలపలేదక్కా" అని ఇప్పుడు నిజమే చెబుతున్నాను. కానీ అదే మాట, అదే గొంతుతో, అంతకు ముందు అబద్ధంగా చెప్పేశాను. సారం ఉందో లేదో తెలియని ఆ డబ్బా మా సంసారంలోంచి సారం లాగేసింది. మా ఆవిడ అన్నం కలిపి తానొక ముద్ద తిని చూపించింది. "నీకు విరుగుడు తెల్సుండొచ్చు" అంది అక్క. ఆ మాటకు మా ఆవిడ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మరుసటి రోజు స్కూటరు తుడుస్తుంటే తట్టింది. ఆ స్కూటరు ఉన్నచోటే ఒకప్పుడు నాయిన బర్రెను విప్పేవాడు. గిరాకీకి నమ్మకం పోతే ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎప్పుడో తేల్చి పెట్టారు. వాదించొద్దు. బోర్లించి చూపించు.

ఉప్పుగూడలో మా దూరపు చుట్టం ఒకతను ఇప్పటికీ నాలుగు బర్రెలు సాకుతున్నాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. సాయంత్రం పిండే వేళకు అక్కను ఆటోలో తీసుకుపోయాను. "యాడికిరా?" అని దారంతా అడిగింది. "పాలకు" అన్నాను ప్రతిసారీ. ప్రతిసారీ ఆమెకు అది సరైన జవాబుగానే తోచింది.

కొట్టం వాసన తగలగానే అక్క నడక మారింది. చుట్టం చెంబు పట్టుకుని బర్రె పక్కన కూర్చోబోయాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. గిట్లియ్యి."

చెంబు అందుకుని బోర్లించింది. ఒక చుక్క రాలింది.

నా ప్రాణం పోయినంత పనైంది.

"ఇదేంది?"

"ఇప్పుడే కడిగినమ్మా, కడిగిన నీళ్లు" అన్నాడు అతను, డెబ్బయి ఐదేళ్ల మనిషి ముందు బడిపిల్లాడిలా.

అక్క చెంబులోకి తొంగి చూసింది. చీర కొంగుతో లోపలంతా, అడుగు దాకా, తుడిచింది. మళ్లీ బోర్లించింది. ఏమీ రాలలేదు. అప్పుడు అతని చేతికిచ్చింది. దుడ్డె కుడిచింది, బర్రె చేపింది, చెంబులో నురుగు లేచింది. అక్క అంతసేపూ రెప్ప కొట్టలేదు. నిండిన చెంబులో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలబెట్టి చూసింది. చుక్క కదల్లేదు.

కాచి ఇస్తానన్నాడు. నక్కో అంది. నురుగు మూతికంటేలా, నిలబడే, సగం చెంబు తాగింది.

ఇంకో మాట దాచి ఇంటికి తీసుకుపోతే ఆ సగం చెంబు కూడా వృథా అనిపించింది. బర్రె పక్కనే, పేడలో చెప్పులు దిగబడి, "అక్కా, నేను కలిపిన. పాలల్ల కలిపిన. అడిగితే లేదన్న" అన్నాను.

"తెల్సు" అంది, మూతి తుడుచుకుంటూ. "నీళ్లు కలిపినోడు గూడ గట్లనే నేల జూస్తడు. ఏం కలిపినవ్?"

"యాది ఉండే మందు."

"ఎవరికి?"

"నీకే అక్కా."

కాసేపు నన్ను చూసింది. గుర్తుపట్టిన చూపే అది, సందేహం లేదు.

"నాకెందుకురా? నాకు యాదున్నది. నీకే లేదు. మన ఇంట్ల పాలల్ల ఏం కలుపరు."

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆమె కళ్లముందే గిన్నె బోర్లించి చూపించి, అందులో అన్నం వడ్డించింది. అక్క రెండు ముద్దలు తింది. మూడోది తినే ముందు చారు గిన్నె కూడా బోర్లించమంది. అది నిండుగా ఉంది. ఆ పూట చారు లేకుండానే అందరం తిన్నాం.

అప్పటి నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. పళ్లెం, గ్లాసు, గిన్నె, ఏదైనా ముందు అక్క ముందు బోర్లించాలి. మాత్రలు కూడా ఇప్పుడు దాచిపెట్టి ఇవ్వం. ఇది బీపీకి, ఇది యాదికి అని చెప్పి ఇస్తే "రెండోది నాకెందుకు, అయినా ఇయ్యి" అని వేసుకుంటుంది. గాజులు పిడికిలి దాకా జారడం లేదు. అంతకు మించి బాగైందని చెప్పను. నిన్నటిది ఇవాళ ఉండదు. మా ఆవిడను రెండు రోజులకోసారి "ఎప్పుడొచ్చినవ్ పిల్లా?" అని అడుగుతుంది. ఉప్పుగూడ పోయిన సంగతి, డాక్టరమ్మ, ఖాలా రొట్టెలు, ఏవీ ఆమెకు యాదిలో లేవు.

ఒక్కటి మాత్రం ఉంది. ప్రతి పొద్దున పాలగ్లాసు ఇవ్వగానే చిటికెన వేలు ముంచుతూ, "ఇయ్యాల ఏం కలిపినవ్‌రా?" అంటుంది. ఏడాది దాటింది. ఒక్క పొద్దున కూడా మర్చిపోలేదు. ఇన్నేళ్లలో ఆమె బుర్రలో కొత్తగా చేరి చెక్కుచెదరకుండా నిలిచింది ఆ ఒక్క సంగతే. ఆ డబ్బాలో నిజంగానే ఏమైనా ఉండి, అది పనిచేసిందా అని నాకు అప్పుడప్పుడు అనుమానం. డబ్బా పోయింది కాబట్టి తనిఖీ చెయ్యలేను.

"ఏం కలపలే అక్కా" అంటాను, ఆమె ముఖం చూస్తూ. తాగుతుంది. ఖాళీ గ్లాసును తానే బోర్లించి, నాకు చూపించి, చేతికిస్తుంది.